లోహం ఎక్కడికి పోయింది?

మన ప్లేటింగు షాపులో పనిచేసినవారందరికీ ఆ పసుపురంగు పరిచయమే. క్రోమిక్ ఆమ్లపు తొట్టిలోనుండి షాఫ్టును పైకి తీసినప్పుడు దానిని అంటిపెట్టుకొని కొంత ద్రావణం వస్తుంది. ఆ షాఫ్టును నీటి తొట్టిలో ముంచి కడిగితే ఆ ద్రావణమంతా నీటిలో కలుస్తుంది. మొదటి తొట్టిలో ముదురు ఎరుపుగా ఉన్న ద్రవం కడుగునీటిలో నిమ్మపండు ఛాయకు వస్తుంది. ఇంకా పలుచనైతే ఎండుగడ్డి ఛాయ. అంతకంటె పలుచనైతే కంటికి ఏ రంగూ కనిపించదు. నీరు తేటగా ఉన్నట్లే ఉంటుంది.

పర్యావరణ సంచికకు ఏదైనా సాంకేతిక విషయం వ్రాసి ఇవ్వవలసిందిగా సంపాదకవర్గంవారు కోరినప్పుడు, పారిశ్రామిక వ్యర్థజలాల నుండి భారలోహాలను తొలగించే అధిశోషక పదార్థాలను గూర్చి నాలుగు పేజీలు వ్రాద్దామనుకున్నాను. ఆ విషయం మీద నేను కొంత పనిచేసినమాట నిజమే. కాని కాగితం ముందు కూర్చున్న తరువాత, 1998 జనవరిలో జరిగిన సంగతి చెప్పకుండా ఆ నాలుగు పేజీలూ నింపడం సబబు కాదనిపించింది. ఆనాటివారు మన యూనిట్‌లో ఇప్పుడు నలుగురైదుగురికంటె ఎక్కువమంది లేరు. వారికి ఈ కథలో సగం తెలుసు. మిగిలిన సగం నాకు మాత్రమే తెలుసు.

విషయం తెలియని మిత్రుల కోసం ముందుగా కొంత చెప్పవలసి ఉన్నది. గట్టి క్రోమియం పూత వేసే తొట్టిలో లీటరుకు సుమారు 250 గ్రాముల క్రోమిక్ ఆమ్లం, అందులో నూరవ వంతు గంధకామ్లం ఉంటాయి. అందులోని క్రోమియం హెక్సావేలెంట్ రూపంలో ఉంటుంది. క్రోమియంకు ఉన్న రూపాలలో ప్రమాదకరమైనది ఇదే. మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో దీనిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1990లోనే చేర్చింది. మన దేశపు నిబంధనల ప్రకారం వాగులలోనికి, కాలువలలోనికి వదిలే నీటిలో ఇది లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించరాదు. అన్ని రూపాల క్రోమియం కలిపి 2 మిల్లీగ్రాముల వరకు అనుమతి ఉన్నది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరాన్ని బట్టే హెక్సావేలెంట్ స్వభావం ఎటువంటిదో గ్రహించవచ్చు.

దీనిని తొలగించే పాతపద్ధతి మన ఎఫ్లుయెంట్ ప్లాంటులో ఎందరో చూసినదే. కడుగునీటిని గంధకామ్లంతో పి.హెచ్. రెండున్నర దగ్గరకు దించి సోడియం మెటాబైసల్ఫైట్ కలిపితే పసుపు నీరు ఆకుపచ్చగా మారుతుంది. హెక్సావేలెంట్ పోయి ట్రైవేలెంట్ వచ్చిందన్నమాట. తరువాత సున్నం కలిపి పి.హెచ్.ను ఎనిమిదిన్నరకు తెస్తే క్రోమియం హైడ్రాక్సైడుగా విరిగి అడుగుకు చేరుతుంది. నమ్మదగిన పద్ధతే. కాని ఆమ్లం ఖర్చు, సున్నం ఖర్చు, అన్నిటికంటె మించి గుట్టలు గుట్టలుగా పేరుకొనే బురద. వానాకాలంలో ఆ బురద ఆరదు. ఆరని బురదను ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచదు.

ఇంజనీరింగు పట్టా చేతపట్టుకొని వచ్చి నాలుగేళ్ళయిన నాకు ఆ బురద అంటే అసహ్యం. గ్రంథాలయంలో పత్రికలు తిరగవేసి అధిశోషణ పద్ధతి మీద మనసుపడ్డాను. శోషణం వేరు, అధిశోషణం వేరు. స్పాంజి నీటిని తన లోపలికి పీల్చుకోవడం శోషణం. పసుపు పాదాలకు అంటుకొన్నట్లు ఒక పదార్థం మరొకదాని ఉపరితలాన్ని పట్టుకొని ఉండడం అధిశోషణం. కాబట్టి ఉపరితలం ఎంత ఎక్కువైతే అంత మేలు. కొబ్బరిచిప్పలను కాల్చి ఆవిరితో ఉత్తేజపరచిన కర్బనం ఒక్క గ్రాములో, సూక్ష్మరంధ్రాల గోడలన్నీ కలిపితే, సుమారు వేయి చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. అంటే ఏడెనిమిది కబడ్డీ కోర్టులు ఒక చిటికెడు పొడిలో ఇమిడి ఉన్నాయన్నమాట. ఇరవయ్యెనిమిదేళ్ళ వయసులో ఈ సంగతి చదివినవాడికి బురద మీద గౌరవం ఎలా మిగులుతుంది?

1918లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ లాంగ్మ్యూర్ ఈ ప్రక్రియకు ఒక సరళమైన సూత్రం ఇచ్చాడు. దానిని రైలుపెట్టెతో పోల్చి చెబితే సులువుగా బోధపడుతుంది. పెట్టెలో ఇన్ని బెర్తులని లెక్క ఉంది. ఒక్కొక్క బెర్తు మీద ఒక్కరే. ఎక్కేవారు ఎక్కుతుంటారు, దిగేవారు దిగుతుంటారు. ఎక్కేవారి వేగం, దిగేవారి వేగం సమానమైనప్పుడు సమతాస్థితి. ప్లాట్‌ఫారం మీద జనం ఎక్కువైతే పెట్టె నిండుతుంది. ఒకసారి నిండిన తరువాత ఎంత జనం వచ్చినా ఒక్కరు కూడా అదనంగా ఎక్కలేరు. లాంగ్మ్యూర్ పెట్టెలో అందరూ రిజర్వేషన్ ఉన్న పెద్దమనుషులే. మన రైళ్ళలో పరిస్థితి వేరని మనకు తెలుసు. ఆ తేడాయే నా కొంప ముంచింది.

ప్రయోగశాలలో స్వేదనజలంలో పొటాషియం డైక్రోమేటు కరిగించి, పి.హెచ్.ను మూడు దగ్గర నిలిపి, కర్బనం కలిపి, ఫ్లాస్కులను రాత్రంతా కుదిపాను. ఫలితాలు ముచ్చటగా వచ్చాయి. గ్రాఫు కాగితం మీద బిందువులన్నీ ఒక సరళరేఖ మీద సైనికుల్లా నిలబడ్డాయి. గ్రాము కర్బనం 40 మిల్లీగ్రాముల క్రోమియంను పట్టుకొంటుందని తేలింది. స్వేదనజలంలో మనం వేసినది తప్ప వేరొకటి ఉండదు. అందుకే అది మనం వినగోరిన జవాబే చెబుతుంది. ఇది ఇప్పుడు అంటున్న మాట. అప్పుడు నాకు ఆ సరళరేఖే పరమసత్యం.

షాపులో ఒక స్తంభం నిలబెట్టాము. అందులో 150 కిలోల కర్బనం. గంటకు వేయి లీటర్ల చొప్పున రోజుకు ఎనిమిది గంటలు కడుగునీరు. నీటిలో క్రోమియం లీటరుకు సుమారు 20 మిల్లీగ్రాములు, అంటే రోజుకు 160 గ్రాములు. 150 కిలోల కర్బనం పట్టుకోగలిగినది 6 కిలోలు. భాగహారం చేస్తే ముప్పదియేడు రోజులు. నేను జాగ్రత్తపరుణ్ణి గనుక ముప్పది రోజులకే కర్బనం మార్చాలని లాగ్‌బుక్కులో వ్రాశాను. వారానికి ఒకసారి నమూనా పరీక్షిస్తే చాలునని కూడా వ్రాశాను. అన్నిటికంటె పెద్ద తప్పు మరొకటి. ప్రయోగం ప్రయోగంగానే ఉండి ఉంటే స్తంభం నుండి వచ్చిన నీటిని తిరిగి పాత శుద్ధి తొట్టిలోనికే పంపవలసింది. ఆమ్లం, సున్నం ఎంత ఆదా అయ్యాయో నెలాఖరులో చూపించాలన్న ఆత్రుతతో నేను ఆ గొట్టాన్ని నేరుగా బయటి కాలువకు కలిపించాను. దానికి అనుమతి కాగితం మీద సంతకం పెట్టినవారు మరొకరైనా, అందులోని అంకెలు నావి.

1998 జనవరి 5, సోమవారం స్తంభాన్ని నడపడం మొదలుపెట్టాము. 12వ తేదీన నేనే నమూనా పరీక్షించాను. లీటరుకు 0.04 మిల్లీగ్రాములు, పరిమితిలో సగంకంటె తక్కువ. ఆ సాయంత్రమే పెద్దపండుగకు రైలెక్కి మా ఊరికి వెళ్ళిపోయాను. అత్యవసరమైన ఆర్డరు ఉండడంవల్ల షాపుకు పండుగ సెలవు లేదు, ఆదివారం కూడా లేదు.

ఎఫ్లుయెంట్ ప్లాంటులో అప్పట్లో ఒక పెద్ద ఆపరేటరు ఉండేవారు. అందరమూ ఆయనను మేస్త్రీ గారనే పిలిచేవాళ్ళం. చదువు ఎనిమిదో తరగతి. ఆయనకు ఒక అలవాటు ఉండేది. రోజూ ఉదయం డ్యూటీకి రాగానే బయటికి పోయే నీటిని ఒక ఖాళీ హార్లిక్స్ సీసా నిండా పట్టి, తెల్లకాగితం మీద పెట్టి, పైనుండి లోపలికి చూసేవారు. ప్రక్కనుండి చూస్తే కనిపించని రంగు పైనుండి చూస్తే కనిపిస్తుంది. కాంతి ఎంత లోతు నీటిలో ప్రయాణిస్తే రంగు అంత చిక్కగా తెలుస్తుందని మేము పుస్తకంలో చదువుకున్న నియమం అదే. ఆయన ఆ నియమం పేరు విని ఉండరు. నేను ఆ సీసాను చూసి ఒకటి రెండుసార్లు నవ్విన మాట కూడా ఇక్కడ చెప్పాలి.

ముక్కనుమ నాటి ఉదయం, అంటే 16వ తేదీన, ఆ సీసాలో ఆయనకు ఎండుగడ్డి ఛాయ కనిపించింది. వారపు పరీక్షకు ఇంకా మూడు రోజుల గడువు ఉంది. నేను వ్రాసిన ముప్పది రోజులకు పంతొమ్మిది రోజులు ఉన్నాయి. మేస్త్రీ గారు ఎవరినీ అడగకుండా వాల్వు కట్టేశారు. కడుగునీరు పోయే దారిలేక ప్లేటింగు లైను ఆగిపోయింది. "ఎవరి ఉత్తర్వు మీద ఆపావు?" అని షిఫ్టు అధికారి కేకలు వేశారు. ఆ మధ్యాహ్నమే ఆయనకు సంజాయిషీ మెమో ఇచ్చారు.

నేను 17వ తేదీన వచ్చేసరికి ఆ మెమో నా బల్ల మీద ఉంది. మేస్త్రీ గారు పట్టి ఉంచిన సీసా దాని ప్రక్కనే ఉంది. నమూనాకు ఆమ్లం చేర్చి డైఫినైల్ కార్బజైడ్ చుక్కలు వేశాను. హెక్సావేలెంట్ ఉంటే ఊదారంగు వస్తుంది. వేసీ వేయకముందే చిక్కని ఊదా వచ్చింది. కొలిస్తే లీటరుకు 2.4 మిల్లీగ్రాములు. పరిమితికి ఇరవైనాలుగు రెట్లు. 12కు, 16కు మధ్య ఏ రోజున పరిమితి దాటిందో చెప్పడానికి మా దగ్గర ఒక్క నమూనా కూడా లేదు. వారానికి ఒకటి చాలునని వ్రాసినది నేనే గదా.

కారణాలు తరువాత నెమ్మదిగా తేలాయి. ప్రయోగశాలలో పి.హెచ్. మూడు. షాపు నీటిలో క్షారపు కడుగునీరు కూడా కలవడంవల్ల అది అయిదుకు, ఏడుకు మధ్య ఊగిసలాడింది. పి.హెచ్. పెరిగేకొద్దీ కర్బనపు ఉపరితలం మీది ధనావేశం తగ్గుతుంది. ఋణావేశం గల క్రోమేటును అది అంతగా ఆకర్షించదు. గంధకామ్లం నుండి వచ్చిన సల్ఫేటు కూడా ఋణావేశం గలదే. రిజర్వేషన్ లేని ప్రయాణికుడిలా బెర్తులలో కొన్నిటిని అది ముందే ఆక్రమించింది. గ్రీజు తీసే తొట్టి నుండి వచ్చిన నూనె జాడలు సూక్ష్మరంధ్రాల ముఖద్వారాలను మూసివేశాయి. అన్నిటికీ తోడు, ప్రవహించే స్తంభంలో కర్బనం పూర్తిగా నిండేవరకు ఆగి ఆ తరువాత లోహం బయటికి రాదు. పైపొరలు నిండుతుండగానే అడుగు నుండి కొంత జారిపోవడం మొదలవుతుంది. మొత్తం మీద పదకొండు రోజులలో 150 కిలోల కర్బనం పట్టుకొన్నది సుమారు 1,750 గ్రాములు. గ్రాముకు 12 మిల్లీగ్రాములైనా లేదు. నా సరళరేఖ చెప్పినదానిలో మూడవ వంతు కూడా కాదు.

ఆ సాయంత్రం మేస్త్రీ గారు నన్ను ప్రహరీగోడ వెనుకకు తీసుకొని వెళ్ళారు. నాలుగేళ్ళుగా ఆ యూనిట్‌లో పనిచేస్తున్నా నేను ఆ గోడ వెనుకకు వెళ్ళడం అదే మొదటిసారి. మన కాలువ ఒక చిన్న వాగులో కలుస్తుంది. వాగు ఒడ్డున తోటకూర, పాలకూర మళ్ళు. ఒక మధ్యవయసు స్త్రీ కోసిన కూరను కట్టలు కట్టి అదే నీటిలో ముంచి కడుగుతున్నది. ఉదయానికి బజారుకు పోవలసిన కట్టలు.

"అమ్మా, రెండు మూడు రోజులు ఈ నీళ్ళు వాడకండి" అన్నారు మేస్త్రీ గారు.

"ఎందుకన్నా? నీళ్ళు తేటగానే ఉన్నాయి గదా" అన్నది ఆమె.

నిజంగానే తేటగా ఉన్నాయి. వాగులో కలిసి పలుచనైన తరువాత హార్లిక్స్ సీసాలో కూడా ఏమీ కనిపించదు. మరునాడు పరీక్షిస్తే నిలవనీటిలో 0.3 మిల్లీగ్రాములు వచ్చింది. మేస్త్రీ గారు ఏదో మందు కలిసిందని నచ్చజెప్పారు. ఆమె కట్టలను గట్టు మీద పెట్టి, "పండుగ నాలుగు రోజులూ అమ్మేశాం గదన్నా" అన్నది. కోపంగా అనలేదు, లెక్క చెప్పినట్లు అన్నది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నేను ఎవరినో మేస్త్రీ గారు ఆమెకు చెప్పలేదు.

మెమో ఉపసంహరించారు. దాని కోసం నేను గట్టిగానే మాట్లాడాను. అంతవరకు నాకు తృప్తిగా ఉంది. కాని నివేదిక వ్రాయవలసింది కూడా నేనే. ఇంగ్లీషులో వ్రాసిన ఆ వాక్యాన్ని తెలుగు చేస్తే ఇలా ఉంటుంది: "నిర్దేశిత పరిమితి నుండి స్వల్ప వ్యత్యాసం గమనించబడినది; తక్షణమే తగు చర్య తీసుకొనబడినది." ఇరవైనాలుగు రెట్లను స్వల్పమని వ్రాశాను. ఎవరూ నన్ను అలా వ్రాయమనలేదు. పైవారు దానిని చదివి, మారుమాట లేకుండా సంతకం చేశారు. మళ్ళ ప్రస్తావన ఆ నివేదికలో లేదు. నా ఉద్యోగజీవితంలో అబద్ధపు అంకె ఎన్నడూ వ్రాయలేదని ఈనాటికీ చెప్పగలను. విశేషణాలను గూర్చి అలా చెప్పలేను.

ఇక ఆ కర్బనం సంగతి. స్తంభం విప్పి, తడిసిన కర్బనాన్ని అయిదు డ్రమ్ములకు ఎత్తి షెడ్డులో పెట్టించాను. మూడవ రోజున క్యాంటీన్ కాంట్రాక్టరు వచ్చి, "సార్, ఆ బొగ్గు మీకు పనికిరాదట గదా, పొయ్యిలోకి ఇప్పించండి" అని అడిగాడు. నవ్వు వచ్చింది. మరుక్షణం ఒళ్ళు జలదరించింది. కర్బనం మీద చేరిన హెక్సావేలెంట్‌లో కొంత భాగం అక్కడే ట్రైవేలెంట్‌గా మారి ఉంటుంది. కర్బనానికి ఆ గుణం ఉన్నది. దానిని పొయ్యిలో వేసి కాల్చితే ఆ మారినదానిలో కొంత తిరిగి హెక్సావేలెంటై బూడిదలో మిగలవచ్చు. ఆ బూడిదతో మనవాళ్ళు గిన్నెలు తోముతారు. డ్రమ్ములకు తాళం వేయించాను.

మేస్త్రీ గారు ఆ తాళాలు వేస్తూ అడిగారు. "సార్, ఒకటడుగుతాను, ఏమనుకోకండి. పాత పద్ధతిలో బురద వస్తుందని దీన్ని పెట్టారు. ఇప్పుడు ఈ బొగ్గు వచ్చింది. మరి లోహం ఎక్కడికి పోయినట్లు?"

పుస్తకంలో ఉన్న జవాబు చెప్పాను. పునరుత్తేజం చేస్తామని, కాస్టిక్ సోడా ద్రావణంతో కడిగితే లోహం దిగిపోతుందని, కర్బనాన్ని మళ్ళీ వాడుకోవచ్చునని చెప్పాను. చేసి చూశాము. సగానికి కొంచెం పైగా దిగింది. ట్రైవేలెంట్‌గా మారినది కాస్టిక్‌కు లొంగలేదు. దానికి వేరే ఆమ్లపు కడుగుడు కావాలి. దిగినదంతా చిక్కని పసుపు ద్రవమై ఒక తొట్టి నిండా నిలిచింది. దానిని ఏం చేయాలి? మెటాబైసల్ఫైట్ తొట్టిలోనికి పంపించాము. ఆకుపచ్చగా మారింది. సున్నం కలిపాము. బురద వచ్చింది. మేస్త్రీ గారు నా వైపు చూసి ఏమీ అనలేదు. మళ్ళీ వాడబోతే ఆ కర్బనం పట్టు మొదటిదానికంటె బాగా తగ్గింది. తిరిగి డ్రమ్ములకు ఎత్తాము.

మా చిన్నతనంలో గోదావరి కాలువకు ఎర్రనీరు వచ్చే రోజుల్లో మా నాయనమ్మ కుండ లోపలిగోడకు చిల్లగింజ అరగదీసి ఆ నీరు పోసేది. సంస్కృతంలో కతకమని పేరున్న గింజే అది. తెల్లవారేసరికి మన్ను అడుగున చేరి పైన నీరు అద్దంలా తేరేది. తేటను మెల్లగా మరో బిందెలోకి వంచుకొని, అడుగున మిగిలిన ఒండును తీసుకొనివెళ్ళి అరటిచెట్టు మొదట్లో పోసేది. మన్ను మన్నులో కలిసేది. ఆ ఒండు ఎక్కడికి పోయిందని ఎవరూ అడగవలసిన అవసరం ఉండేది కాదు. మన పరిశ్రమలలో పనిచేసే నాబోటివారి మనసులో నీటిశుద్ధి అంటే ఇంకా ఆ కుండే ఉన్నదని నా అనుమానం. పైన తేటను చూసి సంతోషించి, అడుగున ఉన్నదాని కోసం అరటిచెట్టు వెతుకుతాము. క్రోమియంకు అరటిచెట్టు లేదు. లోహం మూలకం. సేంద్రియ వ్యర్థాలను సూక్ష్మజీవులు తిని విచ్ఛిన్నం చేసినట్లు దానిని విచ్ఛిన్నం చేయడం అసాధ్యం. రూపం మార్చవచ్చు, చోటు మార్చవచ్చు. అంతే.

తరువాతి సంవత్సరాలలో మనం చేసిన మంచిపని స్తంభంలో కాదు, ప్లేటింగు తొట్టి దగ్గరే జరిగింది. షాఫ్టును పైకి తీసిన తరువాత కొన్ని క్షణాలు తొట్టి మీదనే వ్రేలాడనిచ్చి కారనివ్వడం, ఒక్క పెద్ద కడుగుతొట్టికి బదులు మూడు చిన్న తొట్లను ఎదురు ప్రవాహంలో పెట్టడం, మొదటి కడుగునీటిని తిరిగి ప్లేటింగు తొట్టిలోనికే పోయడం. క్రోమియం తొట్టి 50 డిగ్రీలకు పైగా వేడి మీద ఉంటుంది గనుక దాని నీరు నిత్యం ఆవిరి అవుతూనే ఉంటుంది. ఆ లోటును కడుగునీటితో పూడ్చవచ్చు. చివరి పలుచని నీటిని అయానుల మార్పిడి రెజిన్ల గుండా పంపి, రెజిన్ మీద చేరిన క్రోమేటును కాస్టిక్‌తో దించి, మరొక రెజిన్ గుండా పంపితే మళ్ళీ క్రోమిక్ ఆమ్లమే వస్తుంది. రెజిన్ కూడా అధిశోషకం వంటిదే. తేడా అంతా దాని మీద నుండి దిగిన లోహానికి మనం ముందే ఒక ఇల్లు చూసి పెట్టామా లేదా అన్నదానిలోనే ఉన్నది. ఎదురు ప్రవాహపు తొట్లు పెట్టిన నాడు మేస్త్రీ గారికి నేనే పిలిచి చూపించాను. ఆయన కడుగునీరు తిరిగి ఎర్రతొట్టిలో పడుతుండడం చూసి, "ఇది బాగుంది, ఎక్కడిది అక్కడే" అన్నారు.

ఇటీవల ఐ.ఐ.టి.ల నుండి, ఎన్.ఐ.టి.ల నుండి వచ్చిన మన యువ ఇంజనీర్లు కొత్త పదార్థాలను గూర్చి చెబుతుంటే వినడం నాకు ఇష్టం. 1997లో అమెరికాలో సన్నని రంధ్రాలుగల సిలికా గోడలకు గంధకపు సమూహాలను అతికించి, నీటిలోని పాదరసాన్ని ఏరి పట్టుకొనే పొడిని తయారుచేశారు. పాదరసానికి గంధకమంటే ఉన్న మక్కువ మన రసవైద్యులకు ఏనాడో తెలుసు. ఇంగిలీకం ఆ రెండింటి కలయికే. ఆ పాత సంగతిని ఇంత సూక్ష్మంగా వాడుకోవడం అద్భుతమే. లోహపు ముడులను సేంద్రియ కడ్డీలతో కలిపి అల్లిన పంజరాల వంటి పదార్థాలకు 2025లో కిటగావా, రాబ్సన్, యాఘీ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చింది. వాటిలో కొన్నిటికి గ్రాముకు ఏడువేల చదరపు మీటర్ల ఉపరితలం. నా ఏడెనిమిది కబడ్డీ కోర్టులు వాటి ముందు ఏపాటివి! మన దేశంలోనే మద్రాసు ఐ.ఐ.టి. ఆచార్యులు టి. ప్రదీప్ బృందం ఇనుము సమ్మేళనంతో తయారుచేసిన పదార్థం తాగునీటి నుండి ఆర్సెనిక్‌ను తొలగించడానికి గ్రామాల వరకు చేరింది. ఆర్సెనిక్ అసలు లోహమే కాదని రసాయన శాస్త్రజ్ఞులు నా తప్పు పట్టవచ్చు. త్రాగేవాడికి ఆ తేడా తెలియదు.

అయితే గ్రాముకు 500 మిల్లీగ్రాములు పట్టుకొంటుందని తెర మీద అంకె చూపినప్పుడల్లా నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. ఏ నీటిలో? ఎన్నవసారి? ఆ తరువాత ఎక్కడికి? మొదటి ప్రశ్నకు చాలామంది స్వేదనజలమనే చెబుతారు, కొంచెం సిగ్గుపడుతూ. రెండవదానికి అయిదుసార్లు అంటారు. స్తంభానికి అయిదువందలసార్లు కావాలి. మూడవదానికి ఒక అమ్మాయి మాత్రం ఎదురుప్రశ్న వేసింది. "సార్, మీ రోజుల్లో మీరు ఎక్కడికి పంపించారు?"

ఆమెకు చెప్పిన జవాబే ఇక్కడ వ్రాస్తున్నాను. ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు 1989లోనే వచ్చినా, వాటిని తీసుకొనిపోయి పెట్టవలసిన సురక్షిత స్థలాలు మనకు దగ్గరలో అప్పట్లో లేవు. ఆ అయిదు డ్రమ్ములు మన షెడ్డులోనే ఉండిపోయాయి. రెండేళ్ళకొకసారి తుప్పుపట్టిన డ్రమ్మును మరొక కొత్త డ్రమ్ములో పెట్టేవాళ్ళం. 2003లో మేస్త్రీ గారు పదవీ విరమణ చేసిన రోజున, వీడ్కోలు సభ అయిన తరువాత, షెడ్డు తాళంచెవి నా చేతికి ఇస్తూ, "అయిదూ లోపలే ఉన్నాయి, లెక్క చూసుకోండి" అన్నారు. చూసుకొన్నాను. 2006లో వాటిని సురక్షిత భూస్థాపన కేంద్రానికి పంపించాము. అక్కడ వాటిని సిమెంటుతో కలిపి గట్టిపరచి, మెత్తిన బంకమన్ను మీద దళసరి ప్లాస్టిక్ పొర పరచిన గుంటలో ఉంచారు. అడుగుకు దిగే ఊటనీటిని గొట్టాల ద్వారా తోడి శుద్ధి చేస్తారు. పంపిన పత్రం నకలు మీద బరువు, డ్రమ్ముల సంఖ్య, నా సంతకం ఉన్నాయి.

కాస్టిక్‌తో దిగిన సగం పాత బురదతో కలిసి అంతకుముందే పోయింది. మిగిలిన సగం ఆ గుంటలో ఉన్నది. ఆ నాలుగు రోజులలో వాగులోనికి పోయినదానికి మాత్రం పత్రం లేదు.